పాట వారిది, గుండెదడ మాది

వేలమనిన మా చిత్తూరు సీమవారికి క్రొత్త గాదు. చిత్తూరు మండీలో బెల్లపు దిమ్మెలు, మదనపల్లెలో టమోటా పెట్టెలు, కొండమీద భక్తులు స్వామికి సమర్పించుకొన్న తలనీలాలు, అటవీశాఖవారు పట్టి నిలువచేసిన ఎర్రచందనపు దుంగలు, ఇన్నియు పాటకు వచ్చి పోవుట కన్నులార చూచిన మాకు, పాట యనగానే త్యాగరాజు కంటె ముందు ధర స్ఫురించును. ఇట్టి గడ్డమీద పుట్టియు, మనుష్యులను సైతము పాటలో నిలువబెట్టుదురని 2008 ఫిబ్రవరిలో తొలిసారి విన్నపుడు నాకు హరిశ్చంద్రుని కథ జ్ఞప్తికి వచ్చి కన్నులు చెమర్చినవి. ఐ.పి.ఎల్. క్రికెట్టువారి ఆ తొలిపాటలో చెన్నైవారు ధోనీని 15 లక్షల డాలర్లకు, అనగా ఇంచుమించు 6 కోట్ల రూపాయలకు, కొనిరని తెలిసిన పిమ్మట ఆ చెమ్మ ఆరిపోయినది. కాశీ వీథిలో హరిశ్చంద్రునకు అంత పలికియుండిన, విశ్వామిత్రుని యప్పు తీరుటయే గాక, ఆలుబిడ్డలతో సుఖముగా బ్రదుకుటకు మిగులును దక్కెడిదే గదా!

తిరుపతిలో మా యెదురింట ఒక మిత్రుడు కలడు. బెల్లపు మండీలో ముప్పదియేండ్లు గుమాస్తాగా నుండి, దిమ్మె యంచున ఇసుమంత గిల్లి నోట వేసికొని, అది ఏ యూరి చెరకో, ఎన్ని రోజుల పాకమో, ఎంత ధర కెక్కునో చెప్పగల మహానుభావుడు. 2024 నవంబరు 24, కార్తికమాసపు ఆదివారమునాడు, కపిలతీర్థమున దీపము వెలిగించి వత్తమని నేనాయనను పిలువబోతిని. ఆయన టీవీ యెదుట పద్మాసనస్థుడై యుండెను. ఎక్కడో అరబ్బుదేశమున జెడ్డా నగరములో ఐ.పి.ఎల్. వేలము జరుగుచుండెను. రిషభ్ పంత్ వంతు వచ్చెను. లక్నోవారి పాట 20.75 కోట్ల యొద్ద నిలువగా, పాత యజమానులైన ఢిల్లీవారు ఆ ధరకు మేమే యట్టిపెట్టుకొందుమని తమ హక్కును ఎత్తి చూపిరి. నీ కడపటి మాట యేమని లక్నోవారి నడుగగా, వారు నీళ్లు నమలక 27 కోట్లనిరి. ఢిల్లీవారు చేయి దించిరి.

"ఆరుంకాలు కోట్లు ఒక్క నోటిమాటకా సామీ!" అని నా మిత్రుడు గుండె పట్టుకొనెను. "ఎద్దుల సంతలో నూర్రూపాయలు ఎక్కియ్యాలంటే తువ్వాలు కింద వేళ్లు పట్టుకోని గంటసేపు బేరమాడ్తారు. అది గూడా పండ్లు చూసినాకనే. ఈళ్లు రంగు చూసి ధర పెట్టినారు, ముక్క కొరికి చూడలా."

ఆ సొమ్ము నీది గాదు, నాది గాదు, దీపమునకు వేళ యగుచున్నది, లెమ్మని నేను మందలించితిని. ఆయన లేవలేదు.

మా యూరి యభిమానులకు ఇంకొక చిక్కు కలదు. తిరుపతికి చెన్నై నూటయేబది కిలోమీటర్లయినను లేదు. హైదరాబాదు ఐదువందలకు పైమాట. మదరాసు మనదేయని నినదించి 1953లో ఓడిపోయిన తాతల మనుమలు నేడు పసుపు అంగీలు తొడిగికొని ఆ నినాదమునే క్రికెట్టు పేర నెగ్గించుకొనుచున్నారు. హైదరాబాదు పక్షపు కాషాయపు అంగీలవారు తక్కువ తినలేదు. విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి ధర 20 లక్షలనుండి 6 కోట్లకెక్కినదని తమ పొలమునకే రేటు పెరిగినట్లు పొంగిపోయిరి. హైదరాబాదు పిల్లవాడు సిరాజు 12.25 కోట్లకు గుజరాతు చేరినాడని ఆడపిల్ల నంపినట్లు దిగులుపడిరి.

నా సంగతి దాచనేల? వైరాగ్యము బోధించిన నేనును ఆ యేటి దీపావళినాడు మతాబు వెలిగింపలేకపోతిని. ఆ అక్టోబరు 31ననే చెన్నైవారు ధోనీని 4 కోట్లకు నిలుపుకొన్నట్లు ప్రకటించిరి. ఐదేండ్లుగా దేశము తరఫున ఆడనివారిని కొత్తవారితో సమముగా లెక్కింపవలెనని నియమమట! అంతకు ముందు 12 కోట్లు పుచ్చుకొన్నవాడు. పదునారేండ్ల పిమ్మట తొలి ధరకంటెను రెండు కోట్లు తక్కువ! ఆ నాలుగు కోట్లు నా పింఛనుకు ఎన్ని వందల రెట్లో గుణింపక, "పాపము!" అని నిట్టూర్చితిని. వంటయింటినుండి నా యిల్లాలు, "ఆ పాపంలో ఒక నెల పాపం మనింటికి వస్తే మిద్దెకు సున్నం కొట్టించుకోవచ్చు" అనెను.

మరుసటి యేడు ఆటలు జరిగినవి. చెన్నై జట్టు అట్టడుగున నిలిచినది. పంత్ కడపటి ఆటకు ముందువరకు చేసిన పరుగులు 151. మా మిత్రుడు కరెంటు బిల్లు వెనుక లెక్కకట్టి, పరుగు ఒక్కింటికి దాదాపు 18 లక్షలు పడినదని వీథివారికెల్ల చాటెను. అంతలో మే 27న ఆతడు బెంగళూరుపై అజేయముగా 118 కొట్టెను. లక్నో ఆ యాటయు ఓడినది. కాని పరుగు ధర ఒక్క రాత్రిలో పది లక్షలకు దిగివచ్చినది. మదనపల్లె టమోటా తప్ప వేరొక సరుకు ఇంత వేగముగా దిగుట తానెరుగనని మా మిత్రుడు సంతోషించెను.

ఆయన ధైర్యము నిజముగా సడలినది వేరొకనాడు. అమెరికాలోని నా మేనల్లుడు ఫోనులో ఒక బేస్‌బాల్ ముచ్చట చెప్పినాడు. ఒహ్తానీ యను జపాను వీరుడు 2023 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ జట్టుతో పదేండ్లకు 70 కోట్ల డాలర్లకు ఒడంబడిక చేసికొని, ఏటికి 20 లక్షలు మాత్రమే తీసికొనుచు, తక్కిన 68 కోట్లను 2034 నుండి ఇమ్మనెనట. ఇది విని నా మిత్రుడు కొంతసేపు కన్నులు మూసికొని, "అర్థమయింది. చీటీ పాడకుండా కడాకు పెట్టుకున్నాడు. తెలివైన పిల్లోడే. వడ్డీ ఎంత?" అని యడిగెను.

వడ్డీ లేదంటిని.

ఆయన లేచి నిలుచుండెను. 27 కోట్లకు లేవనివాడు, కార్తికదీపమునకు లేవనివాడు లేచి నిలుచుండెను.

"పదేండ్లు, వడ్డీ లేకుండా? చెప్పేదానికి ఆ పిల్లోడికి ఇంట్లో పెద్దోళ్లెవరూ లేరా సామీ? మీ మేనల్లుని నంబరియ్యండి, నేను మాట్లాడతా."