దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి…

సరే, భావించాను.

నూట ఎనభై మంది ఉన్న గ్రూపులో రాత్రి పదకొండు దాటాక కూతురి పెళ్లికార్డు పీడీఎఫ్ పడేసి, "దీన్నే వ్యక్తిగత ఆహ్వానంగా భావించి సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన" అన్నాడు రెండు వీధుల అవతలి పెద్దమనిషి. భావించడానికి నాకేం కష్టం? ఆయన స్కూటరు మా గుమ్మం ముందు ఆగినట్టు, వాళ్లావిడ కుంకుమ భరిణె పట్టుకుని లోపలికొచ్చినట్టు, మా ఆవిడకి బొట్టు పెట్టి "వదినా, రెండు రోజులు ముందే రావాలి" అన్నట్టు, మేం కాఫీ ఇస్తే "అబ్బే వద్దండీ, ఇంకా పది ఇళ్లు తిరగాలి" అంటూనే తాగినట్టు, అంతా మంచం మీద పడుకునే భావించాను. ఆ ఊపులోనే పెళ్లికి వెళ్లినట్టు, అక్షింతలు వేసినట్టు, రెండో బంతిలో కూర్చున్నట్టు, వెయ్యి నూటపదహార్లు చదివించినట్టు కూడా భావించేశాను. వారు కూడా దీన్నే వ్యక్తిగత హాజరుగా భావించి పుస్తకంలో రాసుకోవాలని నా ప్రార్థన.

ఈ మధ్య ఎవర్ని కదిపినా బంధాలు కట్టే మేస్త్రీలే. "మనసు విప్పి పోస్టు పెట్టండి, మీ చుట్టూ ఆత్మీయ సమాజాన్ని నిర్మించుకోండి" అని రీళ్లలో పాఠాలు చెప్పేవాళ్లు, ఆ పాఠాలకు ఫీజు పుచ్చుకునేవాళ్లు, ఫీజు కట్టి నేర్చుకొచ్చి మా మీద ప్రయోగాలు చేసేవాళ్లు. వెనకటికి బేతవోలు దగ్గర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు మీద ఊరు కట్టిస్తే అది జగ్గయ్యపేట అయింది. ఇప్పటివాళ్లు ఆ ఊరి పేరు మీద గ్రూపులు కడుతున్నారు. ఊరి పేరుతో ఒకటి, దానికి 'అఫీషియల్' తగిలించి ఇంకొకటి, ఆ అడ్మిన్‌తో పడక బయటికొచ్చినవాళ్లు 'ఒరిజినల్' తగిలించి మూడోది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నందిగామ రెవెన్యూ డివిజన్ అయింది. గ్రూపులు విడగొట్టడానికి ఆ మాత్రం నోటిఫికేషన్ కూడా అక్కర్లేదు, ఎన్నికలు వస్తే చాలు.

వాట్సాప్ గ్రూపులో 2016లో 256 మందికే చోటు. 2022లో ముందు 512, ఆ ఏడాది చివరికి 1024. మా మెట్టలో అంతమంది పెద్దవాళ్లుంటే దాన్ని ఊరంటాం. దానికో సర్పంచి, ఓ కార్యదర్శి, ఓ మంచినీళ్ల ట్యాంకు, రెండు ముఠాలు ఉంటాయి. గ్రూపుకి మాత్రం ఒక అడ్మిన్ చాలు. అతని చేతిలో రిమూవ్ బటన్ ఉంటుంది కాబట్టి అందరూ ఆత్మీయంగానే ఉంటారు.

మళ్లీ నా శుభలేఖ దగ్గరికొస్తాను. ఇది నన్ను అంత తేలిగ్గా వదిలేది కాదు.

పెళ్లిపిలుపు అంటే ఏమిటో మరిచిపోయినవాళ్ల కోసం చెబుతున్నాను. కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి, మొదటిది దేవుడి దగ్గర పెట్టి, మా వైపు చాలామంది పెనుగంచిప్రోలు తిరుపతమ్మ దగ్గరికో వేదాద్రి నరసింహస్వామి దగ్గరికో తీసుకెళ్లి పెట్టి, ఆ తర్వాత మేనమామలు, ఆడపడుచులు, వియ్యాలవారు, ఇరుగుపొరుగు అని వరస కట్టుకుని బయల్దేరతారు. ముందు ఎవరింటికి వెళ్లాలన్న దాని మీద ఇంట్లో యుద్ధాలవుతాయి. తలుపు తాళం వేసి ఉంటే గుమ్మంలో కార్డు పెట్టి రావడం తప్పు. మళ్లీ వెళ్లాలి. మగవాళ్లు చెప్పి ఊరుకుంటే పిలుపు కాదు, ఆడవాళ్లొచ్చి బొట్టు పెట్టాలి. ఎండలో తిరిగి తిరిగి కాళ్లు పీకి, ఇళ్లిళ్లా తాగిన కాఫీలకు కడుపు మండి, "ఈ పెళ్లెందుకు పెట్టుకున్నాన్రా దేవుడా" అనుకుంటేనే పిలుపులయినట్టు లెక్క.

ఆ తిరుగుడులో ఒక పని జరిగేది. పొలం గట్టు దగ్గర తగువొచ్చి పదేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములున్నారనుకోండి. పిల్ల పెళ్లి కుదిరితే తమ్ముడు అన్న గడప తొక్కక తప్పదు. తొక్కుతాడు, గుమ్మంలోనే నిలబడతాడు, మొహం చూడడు. వదినగారు "లోపలికి రావయ్యా, మంచినీళ్లు తాగు" అంటుంది. ఆ గ్లాసుడు నీళ్ల దగ్గర కోర్టు కేసులు రాజీ అయిన సంగతులు నందిగామ చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా రెండు చెబుతారు. ఇవాళ ఆ తమ్ముడికి ఆ యాతన లేదు. అన్న కూడా 'ఆత్మీయ కుటుంబం' గ్రూపులోనే ఉన్నాడు. పీడీఎఫ్ పడింది, టిక్కు పడింది, పిలుపు అయిపోయింది. అన్న రాకపోతే తమ్ముడి దగ్గర జవాబు సిద్ధం: "గ్రూపులో పెట్టాగా!"

ఆ మాట ఒక్కటి చాలు నా ఒళ్లు మండడానికి. గ్రూపులో పెట్టాగా. ఎవరికి పెట్టావు నాయనా? ఆ నూట ఎనభై మందిలో ఇన్సూరెన్సు ఏజెంటు ఉన్నాడు, ఎవరిదో పాత నంబరు కొనుక్కున్న అపరిచితుడు ఉన్నాడు, నిరుడు చనిపోయిన మాస్టారి నంబరు కూడా ఇంకా ఉంది. అందరికీ ఒకటే పిలుపు, ఒకటే చేతులు జోడించిన బొమ్మ. ఆ మాస్టారిక్కూడా సకుటుంబంగా రమ్మనే చెప్పావు.

ఇక వీడియో శుభలేఖలు. వధూవరుల మొహాలు కంప్యూటర్‌తో గీయించి, రాజారాణుల వేషాలేసి, కోట బురుజు మీద నుంచి మన మీద పూలు చల్లిస్తారు. కింద "వచ్చేవాళ్లు నొక్కగలరు" అని పోల్. అది మీ మీద ప్రేమతో కాదు, క్యాటరింగ్ వాడికి ప్లేట్ల లెక్క చెప్పాలి. చివర్లో చదివింపులకి క్యూఆర్ కోడ్. చూశారా, పిలుపైతే మనం భావించుకోవాలట, కట్నం మాత్రం భావిస్తే కుదరదు, స్కాన్ చేయాలి.

ఈ లైకుల భక్తులకి మన చదివింపుల పుస్తకం ఒకసారి చూపించాలనిపిస్తుంది. మూలన బల్ల వేసుకుని కూర్చున్న మనిషి, పక్కన మైకు, "ఫలానా ఊరి ఫలానా వారు నూటపదహార్లు" అని ఊరంతా వినేలా కేక. అక్కడా గొప్పలున్నాయి, దెప్పిపొడుపులున్నాయి. కానీ ఆ పుస్తకం బీరువాలో ఉండిపోయేది. వాళ్లింట్లో శుభకార్యమైతే పేజీ తీసి, వాళ్లు రాసినదానికి పదో పరకో కలిపి మనం రాయాలి. మళ్లీ మనింట్లో అయితే వాళ్లు ఇంకో పది కలపాలి. ఆ బాకీ ఎప్పటికీ తీరదు, తీరకూడదు. తీరిపోయిందంటే చుట్టరికం తెగిందనే. లైకుకి లైకు అక్కడికక్కడే చెల్లు, ఎవరూ ఎవరికీ ఏమీ మిగల్లేదు. నమ్మకం లేకపోతే మీ ఆత్మీయ గ్రూపులో ఒక పదివేలు చేబదులు అడిగి చూడండి.

మిగతావాటి గురించి ఎక్కువ రాయను. పదో తరగతి బ్యాచ్ సమ్మేళనాలు: ఒకే రంగు టీషర్టులు, మాస్టర్లకు శాలువాలు, సోమవారం జోన్ పేపర్లో ఫొటో, మంగళవారం నుంచి ఖర్చుల లెక్క మీద గొడవ. గుడ్ మార్నింగ్ గులాబీలు: తొక్కలో గులాబీలు. ఫేస్‌బుక్‌లో అయిదు వేల మంది మిత్రులు నిండిపోయారు, కొత్తవారు ఫాలో కాగలరు అని ప్రకటించే మండల నాయకులు: వాళ్లని ఆ అయిదు వేల మందికే వదిలేద్దాం. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో 'మన మిత్ర' అని వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది కదా, పేరు వినగానే నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. మిత్రుడినని చెప్పుకున్నవాళ్లలో అడిగితే కాగితమైనా చేతికిచ్చేది అదొక్కటే.

పెనుగంచిప్రోలు అమ్మవారి విగ్రహాలని రంగులు వేయించడానికి జగ్గయ్యపేట తీసుకొచ్చే ఆనవాయితీ ఉంది. రంగులయ్యాక మళ్లీ ఊరేగింపుగా, ఊరూరా ఆగుతూ తీసుకెళతారు. రాత్రీ పగలూ జనం గుమ్మాల ముందు నీళ్లు చల్లి, హారతిచ్చి, తమ ఊరి పొలిమేర దాకా నడిచి, పక్క ఊరివాళ్లకి అప్పజెప్పి వెనక్కొస్తారు. ఎవరి ఫోనూ ఎవర్నీ పిలవదు. ఇప్పుడా దారిలో సగం చేతులు పైకెత్తే ఉంటున్నాయి, దండం పెట్టడానికి మాత్రం కాదు. లైవ్ ఇస్తున్నారు. ఎవరికి? ఆ పక్కనే నడుస్తూ ఇంకో లైవ్ ఇస్తున్నవాడికి.

ఇందాకటి నుంచి ఎగతాళిగా రాస్తున్నాను. ఇక చేతకావడం లేదు.

2017లో ఫేస్‌బుక్ తన ధ్యేయం మార్చుకుంది. మనుషులు సమాజాలు కట్టుకునేలా శక్తినివ్వడమే తన పని అంది. మన బంధాల మేస్త్రీలు ఇవాళ చిలకపలుకుల్లా వల్లించేది ఆ మాటలే. అదే కంపెనీ 2025లో గుత్తాధిపత్యం కేసులో వాషింగ్టన్ కోర్టుకెక్కినప్పుడు ఏం చెప్పుకుందో వీళ్లు చదివారా? ఫేస్‌బుక్‌లో జనం గడిపే సమయంలో స్నేహితులు పెట్టినవి చూసేది 17 శాతమే, ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే 7 శాతమే అని లెక్క చూపించింది. మా వ్యాపారం స్నేహాలది కాదు మహాప్రభో, మాకు పోటీ టిక్‌టాక్, యూట్యూబ్ అని వాదించింది. నవంబర్‌లో కేసు గెలిచింది. ఆ ఏడాదే దాని అధిపతి జుకర్‌బర్గ్ ఒక పాడ్‌కాస్ట్‌లో, సగటు అమెరికన్‌కి ముగ్గురు స్నేహితులైనా లేరు, పదిహేను మంది దాకా కావాలని ఉంటుంది అంటూ, ఆ లోటు పూడ్చడానికి కృత్రిమ మేధ స్నేహితుల సంగతి ఎత్తాడు. బావి పూడ్చినవాడే నీళ్ల ట్యాంకర్ తోలుకొచ్చి బేరం పెట్టాడన్నమాట. అమ్మేవాడు ఇది స్నేహం కాదని కోర్టులో ఒప్పుకున్నాక కూడా కొన్నవాడు కాదు కాదు స్నేహమే అని పేటలో వాదిస్తున్నాడు.

మా బజార్లో ఒక పెద్దాయన పోయారు. నలభై ఏళ్లు ఊరి పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. గ్రూపు నిండా ఓం శాంతిలు, కన్నీటి బొమ్మలు. మధ్యలో ఎవరికో పుట్టినరోజు కేకు, మళ్లీ ఓం శాంతి. ఇంటి దగ్గర చూస్తే పాడె పట్టడానికి మనుషులు చాలక, వైకుంఠ రథం డ్రైవర్ ఒక కొమ్ము భుజానికెత్తుకున్నాడు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లోంచి చూస్తూ ఏడ్చాడు. అతన్ని నేనేమీ అనను, అతనికి ఫోన్ తప్ప దారి లేదు. నేననేది ఫర్లాంగు దూరంలో దుకాణంలో కూర్చుని "మాస్టారూ, మీరు మా గుండెల్లో ఎప్పుడూ ఉంటారు" అని టైపు చేసినవాళ్లని. గుండెల్లో తర్వాత, ముందు భుజం మీదికెత్తుకోండయ్యా. మీకు సిగ్గు లేదా?

2024 సెప్టెంబర్ 1న ఐతవరం దగ్గర మునేరు హైవే ఎక్కింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. హైదరాబాద్, విజయవాడ రోడ్డు రెండు పక్కలా తెగి జగ్గయ్యపేట, నందిగామ నడుమ చిక్కుకున్నాయి. అవతల బెజవాడలో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది, మర్నాటికి ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. ఆ రోజుల్లో మన ఆత్మీయ సమాజాలు ఏం చేశాయి? ఎక్కడిదో పాత వరద వీడియో "ఇప్పుడే మన ఐతవరం" అని పంపుకున్నాయి. ఏ ఊరికి దారుంది అని అడిగిన ప్రశ్నకి ఎనిమిది రకాల జవాబులొచ్చాయి, ఎనిమిదీ ఫార్వర్డులే. మా వీధిలో పనికొచ్చినవాడు ఏ గ్రూపులోనూ లేని ట్రాక్టర్ డ్రైవర్. ఎవరింట్లో ముసలివాళ్లున్నారో అతనికి గుర్తుంది కాబట్టి వెళ్లి దింపుకొచ్చాడు. రెండు రోజుల తర్వాత గ్రూపులో ఎవరో "సలాం సామాన్యుడా" అని అతని ఫొటో పెడితే మూడొందల లైకులు వచ్చాయట. డీజిల్ డబ్బులు ఇప్పటికీ ఎవరూ ఇవ్వలేదు.

అడ్మిన్లకు ఒక విన్నపం. వానాకాలం లోపల ఒక ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి, నోటు పుస్తకం పట్టుకుని మీ వీధిలో ఇంటింటికీ వెళ్లండి. మంచాన పడ్డవాళ్లు ఎవరింట్లో ఉన్నారు, ట్రాక్టర్ ఎవరికుంది, జనరేటర్ ఎవరికుంది, ఈత ఎవరికొచ్చు, రాత్రివేళ తలుపు కొడితే ఎవరు తీస్తారు, ఇవి రాసుకోండి. కాఫీ ఇస్తే తాగండి. మునేరు 2023 జులైలోనూ ఐతవరం రోడ్డు మీదికి వచ్చింది, మరుసటేడు సెప్టెంబర్‌లోనూ వచ్చింది. మళ్లీ వస్తుంది.