ఊడని స్కీకి తిరుగులేని చిట్కాలు

సియాటిల్ నుంచి స్నోక్వాల్మీ పాస్‌కు గంట ప్రయాణం. టికెట్టు కొన్నారు, హెల్మెట్ పెట్టుకున్నారు, ఫొటోలు దిగారు. తీరా వాలు మీద మొదటి మలుపు తిరగ్గానే ఎడమ స్కీ టప్పున ఊడి అదొక దారిన, మీరొక దారిన. పడ్డందుకు ఊడితే సరేననుకోవచ్చు. ఇది ఊరికే ఊడింది. అంతమంది ముందు ఎంత చిన్నతనమో నాకు తెలుసు. కారణం వెతకమని కొందరు సలహా ఇస్తారు. వెతకాలంటే వంగాలి, తుడవాలి, షాపుదాకా వెళ్ళాలి. అంత శ్రమ మీకు వద్దు. కింద చెప్పినట్టు చేయండి, ఆ స్కీ ఇంక మిమ్మల్ని వదలదు.

1. బూటు అడుగున మంచు గీకకండి. ఇక్కడి మంచు తడిగా, బరువుగా ఉంటుంది. కాస్కేడ్ కాంక్రీట్ అని దానికి పేరే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు, సోలు కింద గడ్డకట్టేస్తుంది. ఆ గడ్డతోనే, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లోకి తొక్కండి. క్లిక్‌మని శబ్దం వచ్చిందా? అంతే, ఇంక చూడక్కర్లేదు. బూటు సరిగ్గా కూర్చోలేదని, అందుకే ఊడుతోందని పక్కవాళ్ళు అంటారు. మీరు వంగి గీకేలోపు వాళ్ళే లిఫ్టు క్యూలో మీకంటే ముందు దూరతారు. జాగ్రత్త.

2. పార్కింగ్ లాట్‌లో, మెట్ల మీద, కాఫీ దగ్గర, అన్నిచోట్లా స్కీ బూట్లతోనే తిరగండి. మామూలు బూట్లు వెంట తెచ్చుకోవడం దండగ. బైండింగ్ పట్టుకునేది బూటు ముందూ వెనకా పొడుచుకొచ్చిన అంచుల్నే. తారు మీద నడిచి నడిచి ఆ అంచులు గుండ్రంగా అరుగుతాయి, పట్టు తప్పుతుంది. తప్పనివ్వండి. మందు మన చేతిలోనే ఉంది.

3. ఆ మందు స్క్రూడ్రైవర్. ఇది ఇంట్లో ఉంటే మిగతా చిట్కాలు చదవకపోయినా ఫరవాలేదు.

బైండింగ్ ముందు భాగం మీద, మడమ భాగం మీద చిన్న కిటికీలో ఒక అంకె కనిపిస్తుంది. డిన్ నంబరు అంటారు. ఎంత బలం పడితే బూటును వదిలేయాలో చెప్పే అంకె అది. షాపులో టెక్నీషియన్ మీ బరువు, ఎత్తు, వయసు, సోలు పొడవు, స్కీ చేసే తీరు అడిగి, పట్టిక చూసి దాన్ని పెడతాడు. ఆ పద్ధతికి ఐఎస్ఓ 11088 అని ఒక ప్రమాణం కూడా ఉంది. ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పే ఓపిక ఎవరికుంది? అంకె ఐదు దగ్గరుంటే స్క్రూ తిప్పి పది దగ్గర ఆపండి. ముందూ తిప్పండి, వెనకా తిప్పండి. కుక్కర్ సేఫ్టీ వాల్వు మాటిమాటికీ పోతుంటే అక్కడో మేకు దిగ్గొడితే పీడ విరగడవుతుంది కదా, ఇదీ అంతే.

షాపువాళ్ళు మిమ్మల్ని ఇంకో స్క్రూ వైపు తిప్పాలని చూస్తారు. మడమ భాగం బూటును ముందుకు ఎంత ఒత్తుతోందో చూపే గుర్తు ఒకటి వెనక ఉంటుంది. ఇంకొకరి బూటు పొడవుకు సరిచేసిన బైండింగ్‌లో మీ బూటు పెడితే ఆ ఒత్తిడి చాలదట. స్కీ వంగినప్పుడల్లా బూటు జారి బయటికొస్తుందట. మడమ భాగాన్ని కాస్త ముందుకు జరిపితే డిన్ నంబరు ముట్టుకోకుండానే జబ్బు నయమవుతుందట. నిజమే కావచ్చు. కానీ ఆ గుర్తు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది, అది తెలియాలంటే మాన్యువల్ చదవాలి. మాన్యువల్ చదివేవాళ్ళు మన చిట్కాల దాకా రారు.

4. అద్దె ఫారంలో నిజం రాయకండి. స్కీ చేసేవాళ్ళు మూడు రకాలని అందులో ఉంటుంది: నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు, మధ్యస్థులు, దూకుడుగా వెళ్ళేవాళ్ళు. నిన్ననే మొదలుపెట్టినా మూడో రకమే రాయండి, పట్టికలో అంకె పెరుగుతుంది. యాభై దాటినవాళ్ళకు పట్టిక అంకెను తగ్గిస్తుంది కాబట్టి నలభై రెండని రాయండి. బరువు కూడా పెంచి రాయండి. ఇన్నాళ్ళూ తగ్గించి చెప్పిన బరువును పెంచి చెప్పే అదృష్టం ఇక్కడే దొరుకుతుంది. స్క్రూడ్రైవర్ లేకుండానే పని జరిగిపోయింది.

5. స్కీలను కారు పైన కవరు లేకుండా కట్టండి. రోడ్డు మీద ఉప్పు, ఇసుక, బురద బైండింగ్ లోపలికి చేరి గ్రీజు కడిగేస్తాయి. బిగుసుకున్న బైండింగ్ ఊడదు.

6. గరాజ్ సేల్‌లో పాత బైండింగ్‌లు కొనండి. కంపెనీలు తాము బాధ్యత తీసుకునే మోడళ్ళ జాబితా ఇస్తాయి. అందులోంచి జారిపోయిన పాతవాటిని అమెరికా షాపులు ముట్టుకోవు. మీకు కావలసిందీ అదే. ముట్టుకోకపోతే టార్క్ పరీక్ష ఉండదు, అసలు ఎంత బలానికి వదులుతోందో తేలదు, తేలకపోతే తప్పనే మాటే రాదు. వాటిలో కొత్త గ్రిప్‌వాక్ సోలున్న బూటు పట్టకపోతే బలంగా తొక్కండి.

7. ఇప్పుడు నిశ్చింతగా వాలెక్కండి. సాయంత్రం, కాళ్ళు అలిసిపోయాక, ఇంకొక్క రౌండ్ వేయండి. స్కీ మొన మంచులో దిగబడుతుంది, మీ ఒళ్ళు ఒకవైపు తిరుగుతుంది, స్కీ ఇంకోవైపు ఉండిపోతుంది. అంత పొడవున్న స్కీ పిల్లకాలువ మీది పలకలా అడ్డం పడి మెలిపెట్టినా బైండింగ్ వదలదు. మెలి మొత్తం మోకాలి కింది పెద్ద ఎముక మీద పడుతుంది. అది వదులుతుంది. కింద చూసుకోండి: స్కీ మీ కాలికే ఉంది. గెలిచారు.

స్కీ ప్యాట్రోల్ వాళ్ళు స్లెడ్జి మీద పడుకోబెట్టి దింపుతారు, మీరు ఒక్క మలుపు కూడా తిరగక్కర్లేదు. తర్వాత నెలల తరబడి మంచమే. ఇండియా నుంచి అమ్మ వస్తుంది. గిన్నెలు తోమమని, గార్బేజ్ బయటపెట్టమని అనేవాళ్ళుండరు. ఊడే బైండింగ్‌ను 1937లో కనిపెట్టిన పోర్ట్‌లాండ్‌వాసి హ్యాల్మర్ హ్వామ్‌కు కూడా కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. కాలు విరగనిదే గొప్ప ఆలోచన రాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

8. సాకులు ముందే సిద్ధం చేసుకోండి. డాక్టరుకు మంచు బాగా గట్టిగా ఉందని చెప్పండి. మేనేజరుకు ఎవరో వచ్చి గుద్దారని చెప్పండి. ఇంట్లో మాత్రం షాపువాడు సరిగ్గా బిగించలేదనండి. ముగ్గురూ ఒకేచోట కలవకుండా చూసుకోండి. కిటికీలోని పది అంకె ఎవరి కంటా పడకముందే స్క్రూ వెనక్కి తిప్పి ఐదు దగ్గర పెట్టేయండి.

9. చివరగా, ఆ స్కీలను అటకెక్కించకండి, అమ్మేయండి. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టి, కింద ఇలా రాయండి: "ఒకే సీజన్ వాడాం. కిందపడినా ఒక్కసారి కూడా ఊడలేదు." కొనేవాళ్ళు ఇంకేమడిగినా, స్క్రూడ్రైవర్ ఉచితమని చెప్పండి.