అడ్మిన్ కావలెను: టీకా తాత్పర్య సహితం

మూలం: “బీటూబీ వెబ్‌సైటుకు అడ్మిన్ కావలెను. కంప్యూటరు బాగా వచ్చి ఉండవలెను. ఇతర పనులు కూడా చూడవలెను. జీతం అర్హతను బట్టి.”

ప్రతిపదార్థం: బీటూబీ = వ్యాపారి వ్యాపారికి అమ్మునట్టి; వెబ్‌సైటుకు = తలుపుల్లేని అంగడికి; అడ్మిన్ = తాళంచెవుల గుత్తి గల మనిషి; కావలెను = అవసరము. ఇందులో ‘కావలి’ శబ్దం వినిపిస్తున్నది గనుక కాపలా అనే అర్థాంతరమూ గ్రాహ్యమే. బాగా = ఎంతో యజమానికీ తెలియదని సంప్రదాయం. ‘ఇతర పనులు’ దగ్గర వ్యాఖ్యాతలందరూ మౌనం వహించారు.

తాత్పర్యం: మూలకర్త అడిగింది కంప్యూటరు వచ్చినవారిని, ఆయనకు కావలసింది లెక్క తెలిసిన గుమాస్తాని. మూలంలో లేనిది రాయకూడదని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ఇక్కడ కుదరదు, అసలు సంగతే మూలంలో లేదు మరి. విజయవాడలో పీవీసీ పైపులు, ఇత్తడి కుళాయిలు హోల్‌సేల్‌గా అమ్మే దుకాణం అనుకుందాం. ఇంట్లోకి కుళాయి కొన్న మనిషికి బిల్లు తప్పుపడితే డబ్బు తిరిగిస్తే సరి. కాంట్రాక్టరుకు మాత్రం బిల్లు కూడా సరుకే; తాను కట్టిన 18 శాతం పన్ను ఆ బిల్లు మీదే జమకు వస్తుంది. హైదరాబాదులో ఒకటి, విజయవాడలో ఒకటి ఆఫీసులున్న కాంట్రాక్టరుకు జీఎస్టీ నంబర్లూ రెండు. ఆ నంబరులోని 15 అక్షరాల్లో మూడో స్థానం నుంచి పన్నెండో స్థానం దాకా పాన్ నంబరు, అది రెండింటిలోనూ ఒకటే. మొదటి రెండంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. పేరు అదే, పాన్ అదే కావడంతో కన్ను జారుతుంది. హైదరాబాదు ఆఫీసు ఆర్డరును 37 కింద నొక్కితే వేరే రాష్ట్రానికి అమ్మితే పడాల్సిన ఐజీఎస్టీ చోట, సొంత రాష్ట్రంలో అమ్మితే పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి, జమ పోయి విజయవాడ ఖాతాలో కూర్చుంటుంది. ఈ-ఇన్‌వాయిస్ అయితే రద్దుకు 24 గంటలే గడువు. ఆ తర్వాత క్రెడిట్ నోటు, క్షమాపణలు. రేట్లదీ అదే వరస: ఇక్కడ ఒక్కో పార్టీకి ఒక్కో రేటు, ఒక్కో అరువు పరిమితి. ఎల్బోల పెట్టె ధర ఉండాల్సిన గడిలో ఒక్క ఎల్బో ధర పడిందా, తెల్లారేసరికి ఆర్డర్లు కుప్పలు పడతాయి. ఇదేమిటని ఫోన్ చేసి అడిగిన పుణ్యాత్ముడు మాత్రం ఉండడు.

శంక: తప్పు నంబరును సాఫ్ట్‌వేరే పట్టుకోదా? సమాధానం: పట్టుకుంటుంది. పదిహేనో అక్షరం ఉన్నదే అందుకు. అయితే అది పట్టేది టైపు తప్పును. 36తో మొదలైనదీ, 37తో మొదలైనదీ రెండూ సిసలైన నంబర్లే; ఈ ఆర్డరు వాటిలో దేనిదో దానికి తెలియదు. అట్లయితే పాత గుమాస్తానే కుర్చీలో కూర్చోబెడితే పోలా అని మరో శంక. ఇది గట్టిది, సగం ఒప్పుకోక తప్పదు. స్క్రీన్లు నేర్చుకోవడం నెల పని. చిక్కంతా గల్లాపెట్టె నాటి అలవాటుతో వస్తుంది: ఒకటే పాస్‌వర్డు, అదీ చీటీ మీద రాసి మానిటరుకు అతికించి. ఇక సేల్స్ కుర్రాడు తన పార్టీకి డిస్కౌంటు తానే వేసుకుంటాడు. రేటు మార్చేది ఒకరు, ఆమోదించేది ఇంకొకరు అన్న కట్టుబాటును యజమాని బావమరిది ముందు కూడా సడలనివ్వనివారే తగినవారు. శ్లేషలో చెప్పిన కాపలా ఇదే.

కాబట్టి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఒక ఆర్డరు చీటీ చేతికివ్వాలి: బిల్లు చిరునామా విజయవాడ బెంజ్ సర్కిల్, సరుకు దించేది హైదరాబాదు కూకట్‌పల్లిలో, జీఎస్టీ నంబరు 36తో మొదలు. వెంటనే కీబోర్డు అందుకున్నవారికి టీ ఇచ్చి పంపవచ్చు. “బిల్లు ఏ ఆఫీసు పేర కొట్టాలండీ?” అని అడిగినవారితో జీతం మాట మొదలుపెట్టాలి. “అర్హతను బట్టి” అన్నచోట అర్హత ఎవరిదో మూలం తేల్చలేదు. యజమానిదని అన్వయించిన టీకాకారులూ ఉన్నారు.