కథ తప్ప అన్నీ ఓకే

విశాఖ జనానికి శంకుస్థాపనలు బాగా అలవాటే. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో రాయి వేశారు, 1992లో జాతికి అంకితం చేశారు, సొంత ఇనుప గనులు మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు. పెద్ద హీరో తెలుగు సినిమాదీ అదే వరస. ముందు కొబ్బరికాయ, తర్వాత ముడిసరుకు. ఆ ముడిసరుకునే కథ అంటారు.

మొదట హీరోకి అడ్వాన్సు పడాలి. ఆయన డేట్లిస్తే ‘కాంబినేషన్ సెట్టయింది’ అని వార్త. ఆ కాంబినేషన్ చూపించి నిర్మాత ఫైనాన్షియర్ దగ్గర డబ్బు తెస్తాడు. వడ్డీ ఆ రోజు నుంచే పరుగు. దర్శకుడు మాత్రం కథాచర్చలకని గోవాలో ఉంటాడు. ఈలోగా ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్ బేరాలు సాగుతాయి. నైజాం, సీడెడ్ తెగాక మా వంతు. మేమంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ. ట్రేడ్ లెక్కలో ‘ఉత్తరాంధ్ర ఏరియా’. ఇక్కడి బయ్యరుకి కావలసింది హీరో కిందటి సినిమా ఎంత చేసిందన్న అంకె, పండగ డేటు. ‘ఇంతకీ కథేంటండీ’ అని అడిగిన బయ్యరు ఉన్నట్టు నేను వినలేదు. అడిగేలోపే ఏరియా పక్కవాడు ఎగరేసుకుపోతాడు మరి.

1998లో కేంద్రం సినిమాకి పరిశ్రమ హోదా ప్రకటించింది. ఇక బ్యాంకులే అప్పులిస్తాయని అందరూ సంబరపడ్డారు. తీరా వెళ్తే మేనేజరుగారు స్క్రిప్టు, బడ్జెట్టు, షెడ్యూలు, పూచీకత్తు తెమ్మంటాడు. షూటింగ్ మొదలుకాకముందే స్క్రిప్టు అడిగితే ఎక్కడ తెస్తారు పాపం? నమస్కారం పెట్టి పాత ఫైనాన్షియర్ గుమ్మమే ఎక్కుతారు. ఆయన ఇచ్చేటప్పుడు పెద్దగా ఏమీ అడగడు. విడుదల ముందురోజు రాత్రి అడుగుతాడు. బాకీ తీరితే క్లియరెన్సు, క్లియరెన్సు వస్తే థియేటరుకి కేడీఎం. అదే డిజిటల్ తాళంచెవి. తెల్లారుజామున జగదాంబ జంక్షన్‌లో కుర్రాళ్లు కటౌట్‌కి పాలు పోస్తుంటారు. లోపల ప్రొజెక్టర్ గదిలో ఆపరేటరు ‘కీ ఇంకా రాలేదన్నా’ అంటూ ఫోను రుద్దుకుంటుంటాడు. సెన్సారువాళ్లు సర్టిఫికెట్ ఇచ్చి అప్పటికే వారమై ఉంటుంది, దాన్నెవరు పట్టించుకుంటారు!

రాష్ట్ర సర్కారువారూ ఓ చెయ్యి వేశారు. హీరో, దర్శకుడి పారితోషికాలు తీసేసి 100 కోట్లు దాటిన సినిమాకి తొలి 10 రోజులు టికెట్ ధర పెంచుకోవచ్చని 2022 మార్చిలో జీవో ఇచ్చారు. షూటింగులో 20 శాతం రాష్ట్రంలో జరగాలని షరతు. పారితోషికాలు తీసేస్తే ఇంకేం మిగులుతుందని అడక్కండి. ఆ 20 శాతానికి మా ఊరుంది కదా! ఆర్కే బీచ్‌లో పాట, రుషికొండ మలుపులో ఛేజింగ్, భీమిలిలో బ్రేకప్. కథకి ఇవన్నీ అవసరమా అంటారా? ఏ కథకి?

ఈ లెక్కలన్నిటికీ అడ్డం తిరిగిన సినిమా మా ఊళ్లోనే పుట్టింది. ‘కేరాఫ్ కంచరపాలెం’, 2018. కథలో ముఖ్యుడు 49 ఏళ్ల పెళ్లికాని అటెండరు. నటించినవాళ్లు చాలామంది కంచరపాలెం పేటవాళ్లే, కెమెరా ముందు కొత్తవాళ్లే. దర్శకుడు వెంకటేష్ మహాకి అది మొదటి సినిమా. డబ్బు పెట్టింది అమెరికాలో ఉండే గుండె డాక్టరు, పరుచూరి విజయ ప్రవీణ. గుండె సంగతి తెలిసినావిడ కాబట్టి ఆ ధైర్యం చేశారేమో. సినిమా పూర్తయ్యాక సురేష్ ప్రొడక్షన్స్ భుజానికెత్తుకుంది, రానా సమర్పించారు, జనం చూశారు. తర్వాత తమిళంవాళ్లు రీమేక్ కూడా చేసుకున్నారు.

అప్పట్నుంచి ఫిల్మ్‌నగర్‌లో కథ పట్టుకుని వెళ్లే మా కుర్రాళ్లకి మర్యాద పెరిగింది. కుర్చీ వేస్తారు, టీ ఇప్పిస్తారు, ‘మాక్కూడా కంచరపాలెంలాంటిది చెప్పవయ్యా’ అంటారు. వీడు రెండు గంటలు చెమటోడ్చి చెప్తాడు. నిర్మాత కళ్లు తుడుచుకుంటాడు.

‘అద్భుతం బాబూ. హీరో ఎవరనుకుంటున్నావ్?’