నీళ్ల మీద కిందికి దిగమనే సలహాలు నమ్మకండి

చిన్న విమానాలు నడిపేవాళ్ల మధ్య నోటి నుంచి నోటికి పాకే సలహాలు కొన్ని ఉన్నాయి. ఇవి శిక్షణ పుస్తకాల్లో కనబడవు. ఫ్లోరిడా లాంటి చోట్లకు మన పిల్లలూ పైలట్ శిక్షణకు వెళ్తున్నారు. వాళ్ల చెవిన ఇవి పడకముందే కాదని చెప్పాలి.

మొదటిది: ‘నీళ్ల మీద అడ్డేముంది, ఎంత కిందికైనా దిగు. చట్టమే ఒప్పుకుంటుంది.’ అమెరికాలో జనావాసాల మీద, దగ్గర్లో ఉన్న అతి ఎత్తైన కట్టడం కంటే 1,000 అడుగుల పైన ఎగరాలి. మిగతా చోట్ల 500 అడుగుల ఎత్తు చాలు. విశాలమైన నీళ్ల మీద ఆ ఎత్తు కూడా అక్కర్లేదు, మనుషులకు, పడవలకు, కట్టడాలకు 500 అడుగుల దూరంలో ఉంటే సరిపోతుంది. ఈ సడలింపు, నీళ్ల మీద ఎవరూ ఉండరు కాబట్టి ఇచ్చింది. పైన ఉన్నవాడి ప్రాణానికి అది పూచీ కాదు. పైగా అడ్డు లేదన్నది కూడా నిజం కాదు. నదుల మీద ఒడ్డు నుంచి ఒడ్డుకు కరెంటు తీగలు వేలాడుతుంటాయి. తీగ కంటికి ఆనదు, దాన్ని మోసే టవర్లేమో చెట్ల చాటున ఉంటాయి.

‘ఎత్తు నీ కళ్లకే తెలుస్తుంది’ అనేది వీటన్నిటిలోకీ ప్రమాదకరమైన మాట. గాలి లేని ఉదయం చెరువైనా సముద్రమైనా అద్దంలా ఉంటుంది. అల లేదు, నురగ లేదు, చూపు ఆనడానికి ఏమీ లేదు. కనిపించేది ఆకాశం నీడ మాత్రమే. 50 అడుగుల ఎత్తులో ఉన్నారో 5 అడుగుల్లో ఉన్నారో కన్ను చెప్పలేదు. అలాంటి నీటి మీద దిగేటప్పుడు సీప్లేన్ పైలట్లు తమ అంచనాను పక్కన పెడతారు. ఒడ్డుకు దగ్గరగా వచ్చి, ముక్కు కాస్త ఎత్తి, నిమిషానికి 150 అడుగుల చొప్పున దిగేలా పవర్ కుదిర్చి, నీళ్లు తగిలేదాకా అలాగే ఉంచుతారు. వాళ్లే నమ్మని కళ్లను మీరెందుకు నమ్మాలి? పోనీ ఎత్తు చూపే ఆల్టీమీటర్ చూద్దామంటే, పీడనం ఒక్క మిల్లీబార్ తేడాగా పెట్టినా దాదాపు 30 అడుగుల తేడా వస్తుంది.

‘ఇంజన్ ఆగితే నీళ్ల మీద దించెయ్యొచ్చు’ అంటారు. సెస్నా 172 అనే చిన్న విమానం ఇంజన్ ఆగాక ఒక అడుగు దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. 5,000 అడుగుల ఎత్తులో ఉంటే దాదాపు ఏడు నిమిషాలు చేతిలో ఉంటాయి. 100 అడుగుల్లో ఉంటే ఎనిమిది సెకన్లే. ఇంజన్ ఆగిందని మనసు ఒప్పుకోవడానికే అందులో సగం పోతుంది. సెస్నా 172 చక్రాలు లోపలికి ముడుచుకోవు కాబట్టి నీళ్లకు తగలగానే విమానం బోర్లాపడే అవకాశం ఎక్కువ.

‘పని తెలిసినవాడికి భయం లేదు’ అనేది ఇంకొకటి. ఐకాన్ ఏ5 అనే చిన్న విమానాన్ని నీళ్ల మీద దిగడానికే తయారుచేశారు. విమానం మొత్తాన్నీ మోసే పారాచూట్ కూడా అందులో ఉంటుంది. 2017 మేలో కాలిఫోర్నియాలోని బెరియెస్సా సరస్సు మీద, ఆ కంపెనీ టెస్ట్ పైలట్టే తక్కువ ఎత్తులో ఒక ఇరుకు లోయలోకి మళ్లి, వెనక్కి తిరిగే చోటు లేక కూలిపోయాడు. పక్కన ఉన్న సహోద్యోగీ చనిపోయాడు. అదే ఏడాది నవంబర్ 7న బేస్‌బాల్ దిగ్గజం రాయ్ హాలడే, ఫ్లోరిడా తీరంలో అదే రకం విమానాన్ని నీళ్లకు ఆనేంత కిందికి దించుతూ, నిటారుగా లేపుతూ, ఒరిగిస్తూ నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఒంట్లో మందుల ప్రభావం కూడా ఉందని దర్యాప్తులో తేలింది. కానీ అలాంటి విన్యాసంలో అదుపు తప్పితే సరిదిద్దుకోవడానికి ఎత్తు కావాలి, పారాచూట్ విచ్చుకోవడానికీ ఎత్తే కావాలి. 60 డిగ్రీలు ఒరిగి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగితే స్టాల్ వేగం, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం, 41 శాతం పెరుగుతుంది. 48 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం 68 దగ్గరే అవుతుంది. ఈ లెక్క పైలట్ అనుభవాన్ని బట్టి మారదు.

ఇక ‘లైఫ్ జాకెట్ సీటు వెనక ఉందిలే’ అన్న మాట. ఎనిమిది సెకన్లలో వెనక్కి చేయి చాపి అందుకుని తొడుక్కోలేరు. ఎక్కేటప్పుడే వేసుకోండి, గాలి మాత్రం బయటపడ్డాకే నింపండి. 1996లో కొమొరోస్ దగ్గర సముద్రంలో దిగిన ఇథియోపియన్ విమానంలో, లోపలే జాకెట్లు ఉబ్బించుకున్న చాలామంది పైకప్పుకు అతుక్కుపోయి బయటికి రాలేకపోయారు. నీళ్లకు తగలకముందే తలుపు కాస్త తెరిచి, మూసుకుపోకుండా ఏదైనా అడ్డం పెట్టండి. బెల్టు మాత్రం విమానం పూర్తిగా ఆగేదాకా విప్పకండి. ఒక చేత్తో తలుపు అంచు పట్టుకుని, రెండో చేత్తో బెల్టు విప్పండి. తలకిందులైనప్పుడు బయటికి దారి చూపేది ఆ అంచే.