ముందు నీళ్లు, తర్వాతే నేను

నేను కప్పను. నిజామాబాద్ జిల్లా బోధన్ చెరుకు తోటల్లో తొలకరి పడగానే గొంతెత్తే బోదురుకప్పను కాను. దక్షిణాఫ్రికా మడుగులు నా పుట్టిల్లు. శాస్త్రవేత్తలు మా జాతిని జెనోపస్ లేవిస్ అంటారు. అక్కడి మావాళ్లు బురద రంగులో ఉంటారు. అలంకార చేపల దుకాణాల్లో కనిపించే నేను మాత్రం తెల్లటి ఒంటితో, ఎర్రటి కళ్లతో ఉంటాను, ఎందుకంటే మనుషులు ఏరి పెంచిన సంతతి నాది. నాకు నాలుక లేదు. ముందు కాళ్లతోనే తిండిని నోట్లోకి తోసుకుంటాను. వెనక కాళ్లకు మూడేసి వేళ్ల మీద గోళ్లుంటాయి. ఊపిరి కోసం నీటి పైకి వస్తాను గానీ గట్టు మీద కాపురం నావల్ల కాదు. చిరుకప్పగా ఉన్ననాటి నుంచి చచ్చేదాకా నీళ్లలోనే ఉంటాను. అందుకే నేను చెప్పే మాట ఒక్కటే: నాకోసం తొట్టి పెట్టడమంటే గాజుపెట్టె కొనడం కాదు, నీళ్లను సిద్ధం చేయడం. ఆ పని నేను ఇంట్లోకి రాకముందే జరగాలి. అది చేయలేని ఇంటికి నన్ను తేవడం అన్యాయం.

మనుషుల దగ్గరకు నేను వేడుక కోసం రాలేదు, పని మీద వచ్చాను. కేప్‌టౌన్‌లో పనిచేసిన లాన్సెలాట్ హాగ్బెన్ అనే శాస్త్రవేత్త, ఎద్దు పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కిస్తే మా ఆడకప్పలు గుడ్లు పెడతాయని గమనించాడు. ఆ దారిలోనే 1930లలో గర్భ నిర్ధారణ పరీక్ష వచ్చింది. స్త్రీ మూత్రాన్ని మాకు ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయితే కొన్ని గంటల్లోనే మేం గుడ్లు పెట్టేవాళ్లం. అంతకుముందు ఇదే జవాబు కోసం ఎలుకల్ని, కుందేళ్లను చంపి, కోసి చూసేవారు. మమ్మల్ని చంపనక్కర లేదు, కొంత విశ్రాంతి ఇస్తే మళ్లీ పనికొచ్చేవాళ్లం. 1960ల దాకా ఎన్నో దేశాల ఆస్పత్రుల్లో ఈ సేవ చేశాం. 1962లో జాన్ గర్డన్ అనే శాస్త్రవేత్త మా చిరుకప్ప పేగు కణంలోని కేంద్రకంతో కొత్త కప్పను పుట్టించవచ్చని చూపాడు. దానికే 2012లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ గొప్ప చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. ఇన్నేళ్లు ప్రయోగశాలల్లో బతికినందువల్ల మాకు ఏ నీళ్లు పడతాయో, ఎంత చలువ కావాలో, ఏం పెట్టాలో మనుషులకు ఎప్పుడో తెలుసు. కాబట్టి ‘తెలియక చేశాం’ అనే మాట నా విషయంలో చెల్లదు.

కొందరు అడుగుతారు: చెరువులో, మురికిగుంటలో కప్పలు బతకడం లేదా, దీనికెందుకింత హంగామా అని. చెరువులో నీళ్లు ఎక్కువ, కప్పలు తక్కువ. వాటి మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియాను అక్కడి సూక్ష్మజీవులు, మొక్కలు ఎప్పటికప్పుడు మార్చేస్తాయి. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి ఫిల్టరు స్పాంజిలో కుదురుకుని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే స్థితికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పొద్దున తొట్టి కొని సాయంత్రం నన్ను అందులో వేస్తే నా మూత్రమే నాకు విషమవుతుంది. పైగా నా చర్మం నీటిని, అందులో కరిగినదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. నల్లా నీళ్లలోని క్లోరిన్ మనుషులకు మేలు, నాకు మంట. ఆ నీళ్లను మూత లేకుండా ఒక రోజు నిలవ ఉంచినా, క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు వేసినా ఆ బాధ తప్పుతుంది; త్వరగా ఆవిరికాని క్లోరమైన్ కలిసి ఉంటే మాత్రం మందు వేయాల్సిందే. ఆ తర్వాత వారానికోసారి నాలుగో వంతు నీళ్లు మారిస్తే చాలు. మొత్తం పారబోసి, స్పాంజిని నల్లా కింద తోమితే నెలన్నర కష్టం ఒక్కపూటలో పోతుంది.

తొట్టిలో ఏం పెట్టాలన్నది కూడా చూసేవాళ్ల కంటికి కాదు, నా ఒంటికి తగినట్టు ఉండాలి. నా పక్కల కుట్టు వేసినట్టు కనిపించే గీతలు అలంకారం కాదు. నీటిలోని చిన్న కదలికను కూడా పసిగట్టే అవయవాలవి. అందుకే జోరుగా నీళ్లు చిమ్మే మోటారు, గాజు మీద వేళ్లతో టకటకా కొట్టడం నాకు నరకం. ఆక్సిజన్ మోటారుతో మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. రంగురంగుల గులకరాళ్లు వద్దు. తిండితో పాటు మింగేస్తాను, అవి పేగుకు అడ్డం పడతాయి. అడుగు ఖాళీగా ఉన్నా నష్టం లేదు. దాక్కోవడానికి పదును లేని ఒక కుండ పెంకు, ఒక్కదానికి నలభై లీటర్లకు తగ్గని నీళ్లు, గాలి ఆడే గట్టి మూత కావాలి. మూత లేకపోతే దూకి బయటపడతాను, గచ్చు మీద ఎండిపోతాను. వారానికి రెండు మూడుసార్లు ఎర్రలు వేయండి, అయితే పురుగుమందు కొట్టిన పొలంలో తవ్వినవి వద్దు. చిన్న చేపల్ని తోడు పెట్టకండి, నోట్లో పట్టినదాన్ని నేను వదలను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎండ. నాకు 18 నుంచి 22 డిగ్రీల నీళ్లు హాయి. నిజామాబాద్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. అలాంటప్పుడు ఇంట్లో నిలవ నీళ్లు కూడా 30 దాటుతాయి. కూలర్ గాలి తగిలితే కొంత దిగుతుంది, కరెంటు పోతే మళ్లీ ఎక్కుతుంది. మంచుగడ్డలు గుమ్మరిస్తే ఆ హఠాత్తు మార్పే నన్ను దెబ్బతీస్తుంది. నీటిని చల్లబరిచే యంత్రం పెట్టగలవారికి తప్ప ఈ ఊళ్లో నన్ను పెంచడం తగదు. అంత మనసుంటే కాంగో అడవుల మరుగుజ్జు నీటికప్ప, హైమెనోకైరస్, కొంత నయం. అది మూడు నాలుగు సెంటీమీటర్లకు మించి పెరగదు, 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు దానికి సరిపోతాయి. దాని నాలుగు కాళ్ల వేళ్ల మధ్య పొర ఉంటుంది, నాకు ముందు కాళ్లకు ఉండదు. కొనేటప్పుడు ఈ తేడా చూడండి. మరుగుజ్జు అనుకుని తెచ్చిన పిల్ల అరచేతినంత పెరిగాక విసుక్కోవడం నా తప్పు కాదు.

నన్ను పెంచితే పిల్లలకు జీవకారుణ్యం అలవడుతుందని పెద్దలు అంటారు. నిజమే, పెద్దలు పక్కన నిలబడితే అలవడుతుంది. అయితే మా ఆయుష్షు పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నన్ను ముచ్చటపడి తెప్పించుకున్న పిల్ల పై చదువుకు వెళ్లిపోయాక కూడా నేను ఉంటాను. మొదటి నెల చుట్టాలందరికీ చూపిస్తారు. తర్వాత గాజు మీద పాచి పేరుకుంటుంది, స్పాంజి నల్లబడుతుంది, మోటారు ఆగినా ఎవరూ చూడరు. అడుగున కుళ్లిన తిండి మధ్య నేను కదలకుండా ఉంటే ‘ఎంత బుద్ధిగా ఉందో’ అనుకుంటారు. నాకు అరిచి అడిగే కుక్క గొంతు లేదు. ఎవరికీ వినిపించని బాధను ఏళ్ల తరబడి పడటం చావుకన్నా కష్టం. పిల్లలు నేర్చుకునేది పెద్దలు చెప్పింది కాదు, చేసింది. మురిగిన తొట్టి ఉన్న ఇంట్లో వాళ్లు నేర్చేది నిర్లక్ష్యమే.

విసుగు ముదిరాక, ‘కాలువలో వదిలేద్దాం, స్వేచ్ఛగా బతుకుతుంది, పుణ్యం’ అంటారు. ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. 1931లో మంజీర నది మీద పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కాలువలే ఈ బోధన్ నేలను చెరుకు సీమ చేశాయి. ఇక్కడి శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా ఆ నీళ్లు పొలాలకు, చెరువులకు పారుతూనే ఉన్నాయి. కాలువలో వేసింది అక్కడే ఆగదు. కాలిఫోర్నియాలో, చిలీలో, ఫ్రాన్స్‌లో మనుషుల చేతుల నుంచి బయటపడ్డ మావాళ్లు స్థిరపడి అక్కడి నీటి జీవుల్ని తింటున్నారు. కప్పల చర్మాన్ని పట్టే కైట్రిడ్ బూజును మేం మోస్తూ కూడా చాలాసార్లు జబ్బు పడం. ఆ తెగులు వల్ల ప్రపంచంలో 500కు పైగా ఉభయచర జాతులు తగ్గిపోయాయని, 90 జాతులు అంతరించాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. ‘ఇక్కడి ఎండకు ఎలాగూ చస్తుందిగా’ అంటారా? చస్తే అది నా మీద క్రూరత్వం. చచ్చేలోపు తెగులు నీళ్లలో కలిస్తే అది బోదురుకప్ప మీద క్రూరత్వం. పొలంలో పురుగుల్ని తినే ఆ కప్పల విలువ తెలిసే భారతదేశం 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని ఆపింది.

నన్ను కొనాలనుకునేవారికి నా విన్నపం ఇదే. ముందు తొట్టి పెట్టి, ఆరు వారాలు నీళ్లు నడపండి. మే నెలలో ఆ నీళ్లలో థర్మామీటరు ముంచి చూడండి. పదిహేనేళ్ల బాధ్యత ఎవరిదో ఇంట్లో తేల్చుకోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా నన్ను కొనకండి. ఇప్పటికే కొని ఉండి పెంచలేకపోతే, పెంచగలవారికి అప్పగించండి గానీ కాలువలో మాత్రం వదలకండి.