బావగారి బండి

నడిచే వస్తువును విప్పి, నడవకుండా చేసి, దాన్ని మళ్ళీ నడిపించడానికి సగం జీవితం ధారపోసే మహానుభావుడు ప్రతి వంశంలోనూ ఒకడుంటాడు. కొందరికి మిక్సీ, కొందరికి పొలంలో మోటారు. టెక్సస్‌లో ఉంటున్న మా బావకు మాత్రం 1972 నాటి షెవర్లే సీ-10 పికప్ ట్రక్కు.

"ఇదీ నేనూ ఒకే ఏడు పుట్టాం" అంటూ దాని రేకు నిమురుతాడు. "అయితే ఇంజను ముందు ఎవరికి మార్పించాలో తేల్చుకోండి" అంటుంది అక్క.

బావకు పాతదంటే ప్రాణం. గోంగూర రోట్లో నూరకపోతే ముద్ద ముట్టడు. ఘంటసాలతోనే పాట పోయిందంటాడు. అలాంటి మనిషి ఆ ట్రక్కులోని పాత వీ-8 ఇంజనునీ, మూడు గేర్ల ఆటోమేటిక్‌నీ పీకేసి, జంక్‌యార్డులో పడున్న సిల్వరాడో ట్రక్కు నుంచి 5.3 లీటర్ల ఇంజనూ, దాని నాలుగు గేర్ల 4ఎల్60ఈ గేర్‌బాక్సూ తెచ్చి పెట్టాడు. "మరి పాతదంటే ప్రాణమన్నావుగా బావా?" అంటే, "రేకు పాతదేగా!" అన్నాడు.

కారణాలు లేకపోలేదు. చలికాలం పొద్దున కార్బురేటర్‌ని బతిమాలితే గానీ పాత ఇంజను లేవదు. ఓవర్‌డ్రైవ్ లేదు గనక హైవే మీద 70 మైళ్ళు దాటితే పూనకం వచ్చినట్టు అరుస్తుంది. సరే, ఒప్పుకున్నాం. "రెండ్రోజుల పని" అన్నాడు చూడండి, అదే ఒప్పుకోలేం.

కొత్త ఇంజను ఆయిల్ పాన్ కింద అడ్డకమ్మీకి తగిలింది, పాన్ మార్చాడు. గేర్‌బాక్సు పొడవు కుదరలేదు, షాఫ్టు కోయించాడు. కార్బురేటర్‌కి ఐదారు పీఎస్ఐ పెట్రోలు ఒత్తిడి చాలు, దీనికి 58 దాకా కావాలట, పంపు మార్చాడు. పంపు కోసం ట్యాంకు దగ్గరికెళ్తే, ఆ మోడల్లో అది క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉందని అక్కకు తెలిసిపోయింది. "ఇన్నాళ్ళూ నన్ను పెట్రోలుకు ఆనించి కూర్చోబెట్టారా!" అని గుండెలు బాదుకుంది. ట్యాంకూ మారింది.

ట్రక్కు బోల్టులు అంగుళాల్లో, ఇంజను బోల్టులు మిల్లీమీటర్లలో. రెండు జాతులూ కలవకూడదని అక్క పెళ్ళిసారెలో వచ్చిన పోపుడబ్బా గ్యారేజీకి చేరింది. ఆవాల గిన్నెలో ఆరు ఎంఎంలు, మెంతుల గిన్నెలో ఎనిమిదులు, ఎండుమిర్చి స్థానంలో వాషర్లు. ఇప్పటికీ మూత తీస్తే ఇంగువా గ్రీజూ కలిసి కొడతాయి.

వెళ్ళినప్పుడల్లా నా ఉద్యోగం టార్చి పట్టుకోవడం. "అటు కాదోయ్, ఇటు!" ఆ 'ఇటు' ఎటో దేవుడికి తెలియాలి. వెలుతురు నేనివ్వాలి, తిట్లూ నేనే తినాలి. అంత చదువూ చదివింది దీనికా అనిపిస్తుంది.

తీరా అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే, రెండు సెకన్లు తిరిగి ఆగిపోయింది. సిల్వరాడో కంప్యూటర్ తన సొంత తాళం కోసం వెతుక్కుని, ఎవరో దొంగ ఎక్కాడనుకుందట! నిజం చెప్పాలంటే అది మరీ తప్పు కూడా కాదు. ఆఫీసులో బగ్ అనగానే తల పట్టుకునే బావ ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ని బండికి తగిలించి, దొంగల కాపలా తీసేస్తూ కూనిరాగాలు తీశాడు. అంత ఆనందం మా మేనకోడలి పెళ్ళిలో కూడా ఆయన మొహంలో చూడలేదు. నాకే ముచ్చటేసింది.

మొత్తానికి కదిలింది. పాత స్పీడోమీటరు కేబులు తగిలించడానికి కొత్త గేర్‌బాక్సులో చోటు లేదు, అందుకని అక్క పక్కన కూర్చుని ఫోన్ చూస్తూ "నలభై... నలభై రెండు..." అని చదివింది. అలా గుడికి చేరాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక, "బండి కొత్తదా, పాతదా నాయనా?" అన్నారు పూజారిగారు.

బావ హుడ్ ఎత్తాడు. మా వెనక టెస్లాకి పూజ చేయించుకోవడానికి వచ్చిన కుర్రాడు, నిమ్మకాయలు చేత్తో పట్టుకుని, పావుగంట నుంచి ఫ్యూయల్ ప్రెషర్ గురించి వింటున్నాడు.